ఏరియల్ కింద మనిషి: రేడియో తరంగాలు, ఆపరేటర్ల ఆరోగ్యం

మన సంఘం వార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, ఏ 1971 యుద్ధం గురించో రాద్దామనుకున్నాను. కానీ యుద్ధాల గురించి నాకన్నా బాగా రాసేవాళ్ళు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను సిగ్నల్స్ కోర్‌లో 28 ఏళ్ళు పనిచేసి 2017లో సుబేదారుగా రిటైరైనవాణ్ణి. చదివింది ఇంటర్మీడియట్. నాకు తెలిసింది సెట్టు, ఏరియల్, మోర్స్ కీ. ఈ మూడింటి గురించి ఒక చెల్లెలు నన్నొక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రెండేళ్ళు చదివినదాని ఫలితమే ఈ వ్యాసం.

ఆమె భర్త, నేను ఒకే యూనిట్‌లో పదకొండేళ్ళు ఉన్నాం. ఆయనది సోంపేట వైపు, నాది గిద్దలూరు వైపు. నేను ఆపరేటర్, ఆయన రేడియో మెకానిక్. రిటైరయ్యాక ఇద్దరం పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకున్నాం. హామ్ అంటే డబ్బు కోసం కాకుండా ఇష్టం కొద్దీ రేడియో నడిపే ఔత్సాహికుడు. ప్రతి ఆదివారం పొద్దున 40 మీటర్ల బ్యాండ్ మీద కలుసుకునేవాళ్ళం. 2021లో ఆయనకు రక్త క్యాన్సర్ వచ్చింది. ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అన్నారు. ఏడు నెలల్లో పోయాడు. కర్మకాండ అయ్యాక ఆ చెల్లెలు నన్ను పక్కకు పిలిచి, "అన్నయ్యా, నిజం చెప్పండి. ఆ సెట్టు వల్లే వచ్చిందా? జీవితమంతా దాని పక్కనే కూచున్నారు గదా. మీరొక కాగితం రాసిస్తే పింఛను పెరుగుతుందంటున్నారు" అంది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఫౌజులో మనందరం విన్న మాటలు మనందరికీ తెలుసు. రాడార్ మీద పనిచేస్తే జుట్టు ఊడుతుంది, పిల్లలు పుట్టరు, పుట్టినా ఆడపిల్లలే పుడతారు. జబల్‌పూర్‌లో మా ఉస్తాద్ ఈ మాటలు చెప్పి నవ్వేవాడు. నాకు ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరూ బంగారుతల్లులు. వాళ్ళను మాత్రం నేను సెట్టు ఖాతాలో వెయ్యలేదు.

ఈ పుకార్లు మన ఫౌజులో పుట్టినవి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ వచ్చిన రోజుల్లోనే అమెరికా నావికుల్లో ఇవే మాటలు నడిచాయి. అందుకని 1943లోనే వాళ్ళ నేవీ రాడార్ ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళకు వైద్య పరీక్షలు చేయించి నివేదిక అచ్చువేసింది. చెప్పుకోదగ్గ జబ్బేమీ కనిపించలేదన్నారు. యుద్ధం ముగిసిన 1945లో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు, నడుస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే జేబులోని చాక్లెట్ కరిగిపోయింది. దాన్నుంచే మైక్రోవేవ్ పొయ్యి పుట్టింది. ఆ కథ అందరూ వినోదంగా చెప్పుకుంటారు గానీ, నాకు మాత్రం ఆ జేబు వెనకాల ఉన్న మనిషి సంగతేమిటా అనిపిస్తుంది. చాక్లెట్‌ను కరిగించే వేడి కంటిని ఏం చేస్తుంది?

1948లో అమెరికాలో రెండు చోట్ల వైద్యులు జంతువుల కళ్ళ మీద మైక్రోవేవ్ ప్రసరింపజేసి చూశారు. కంటిలో శుక్లం వచ్చింది. 1952లో మైక్రోవేవ్ జనరేటర్ నడిపే ఒక టెక్నీషియన్‌కు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చిన సంగతి వైద్య పత్రికలో అచ్చయింది. మనిషి విషయంలో ఇలాంటి మొదటి కేసుగా దాన్నే చెబుతారు. దీని కారణం సులువుగానే అర్థమవుతుంది. శరీరంలో ఎక్కడ వేడెక్కినా రక్తం ప్రవహించి ఆ వేడిని మోసుకుపోతుంది, మన బండి ఇంజనుకు రేడియేటర్ లాగా. కంటి కటకంలో రక్తనాళాలు లేవు. వేడి అక్కడే నిలిచిపోతుంది.

అప్పుడు ఎంతవరకు క్షేమం అనే ప్రశ్న వచ్చింది. జర్మనీ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన హెర్మన్ ష్వాన్ అనే శాస్త్రవేత్త 1953లో ఒక లెక్క కట్టాడు. శరీరం ఎంత వేడిని తట్టుకుని బయటకు పంపగలదో చూసి, చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లు దాటకూడదన్నాడు. అమెరికా సైన్యం ఆ అంకెనే పట్టుకుంది. 1966లో అది అక్కడి జాతీయ ప్రమాణమైంది. సోవియట్ వాళ్ళు 1958లో పెట్టుకున్న పరిమితి 10 మైక్రోవాట్లు, అంటే అందులో వెయ్యో వంతు! వేడి తగలకపోయినా తలనొప్పి, నీరసం, నిద్ర పట్టకపోవడం ఉంటాయని వాళ్ళ వైద్యులు రాశారు. ఒకే తరంగం, ఒకే మనిషి శరీరం, రెండు దేశాల మధ్య వెయ్యి రెట్ల తేడా. ప్రచ్ఛన్న యుద్ధంలో ఒకరి శాస్త్రాన్ని ఇంకొకరు నమ్మలేదు.

ఆ గొడవ మాస్కోలో బయటపడింది. అక్కడి అమెరికా రాయబార కార్యాలయం మీదకు సోవియట్లు ఏళ్ళ తరబడి మైక్రోవేవ్ కిరణాలు పంపుతున్న సంగతి 1976లో బజారుకెక్కింది. ఆ తీవ్రత అమెరికా పరిమితిలో నూరోవంతు కూడా లేదు. అయినా ఉద్యోగుల కుటుంబాలు భయపడ్డాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు మాస్కోలో పనిచేసినవాళ్ళను, తూర్పు ఐరోపాలోని ఇతర కార్యాలయాల్లో పనిచేసినవాళ్ళతో పోల్చి చూశారు. మాస్కో వాళ్ళకు ప్రత్యేకంగా హాని జరిగిన ఆధారం దొరకలేదని 1978లో తేల్చారు.

ఇక మన హామ్‌ల సంగతికి వస్తాను. ముందుగా మన దేశం కథ రెండు ముక్కల్లో. 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు మొదటి ఔత్సాహిక ఆపరేటర్ అని చెబుతారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా మొదలైంది మరెక్కడో కాదు, మౌలోని మన స్కూల్ ఆఫ్ సిగ్నల్స్‌లోనే. అంటే ఈ సరదాకు పురుడు పోసింది ఫౌజే. యుద్ధంలో మిగిలిపోయిన సెట్లు తూకానికి కొనుక్కుని అప్పటివాళ్ళు స్టేషన్లు కట్టుకున్నారు. తర్వాత 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్ళి ఉన్న భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్ నుంచి సెట్టు మీద కూచుని బయటి ప్రపంచానికి కబురందించారు. ఆ పనికి సిగ్నల్స్ వాడిగా నేను సెల్యూట్ చేస్తాను.

చెల్లెలి ప్రశ్నకు దగ్గరగా వచ్చిన మనిషి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేసిన శామ్యూల్ మిల్హామ్. హామ్ చనిపోతే వాళ్ళ భాషలో "సైలెంట్ కీ" అంటారు, అంటే మూగబోయిన కీ. హామ్ పత్రికలో ఆ పేరుతో వచ్చే సంతాప జాబితా తీసుకుని, ఎవరు ఏ జబ్బుతో పోయారో మరణ ధ్రువపత్రాల్లో చూశాడు. 1985లో లాన్సెట్ పత్రికకు ఉత్తరం రాశాడు, హామ్‌లలో ల్యుకేమియా మరణాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని. తర్వాత ఇంకా పెద్ద లెక్క తీశాడు. వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో లైసెన్సున్న 67,829 మందిని తీసుకుని 1979 నుంచి 1984 దాకా చూశాడు. 2,485 మంది చనిపోయారు. ఫలితాలు 1988లో అచ్చయ్యాయి.

ఆ అంకెలు నేను కాగితం మీద రాసుకుని చాలాసార్లు చూశాను. సాధారణ జనంలో 100 మంది పోయే చోట హామ్‌లు 71 మందే పోయారు. అంటే మొత్తం మీద హామ్‌లు జనం కన్నా ఆరోగ్యంగానే ఉన్నారు. అన్ని రకాల క్యాన్సర్లు కలిపితే 89, అదీ తక్కువే. కానీ ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా ఒక్కటి తీసుకుంటే 100కు బదులు 176. అదే మా మిత్రుడి జబ్బు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దొరికింది, చెల్లెలికి కాగితం రాసివ్వచ్చు అనుకున్నాను.

పొద్దున్నే మళ్ళీ చదివాను. ఆ జబ్బుతో పోయినవాళ్ళు రెండున్నర వేల మరణాల్లో చాలా కొద్దిమంది. కొద్దిమందిలో లెక్క అటూ ఇటూ కావడం సులువు. అంతకన్నా ముఖ్యమైన విషయం, హామ్‌లలో చాలామంది పగలంతా కరెంటు, ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాలు చేసేవాళ్ళే. టంకం పొగ పీల్చారు, ద్రావకాలతో భాగాలు కడిగారు, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో చేతులు ముంచారు. ఎవరు ఎన్ని వాట్లతో, ఎన్ని గంటలు, ఏరియల్‌కు ఎంత దూరంలో కూచున్నారో ఆ లెక్కలో లేదు. లైసెన్సు ఉందా లేదా అన్నదే ఉంది. పెట్టెలో పెట్టి తాళం వేసిన సెట్టుకు కూడా లైసెన్సు ఉంటుంది కదా!

దీనికి తోడు సైనికుల మీదే జరిగిన పెద్ద పరిశీలన ఒకటుంది. కొరియా యుద్ధకాలపు అమెరికా నావికులు 40,581 మందిని నలభై ఏళ్ళు వెంబడించి, ఫలితాలు 2002లో అచ్చువేశారు. రాడార్ దగ్గర ఎక్కువగా పనిచేసినవాళ్ళు, తక్కువగా పనిచేసినవాళ్ళు అని రెండు వర్గాలుగా చూశారు. మొత్తం మీద రాడార్ వల్ల మరణాలు పెరిగిన జాడ లేదు. కానీ విమాన ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్లు అనే ఒక్క ట్రేడులో మాత్రం లింఫోసైటిక్ కాని ల్యుకేమియా ఎక్కువగా కనిపించింది. మిగతా రాడార్ ట్రేడుల్లో కనిపించలేదు. మరి తరంగమే కారణమైతే మిగతావాళ్ళకెందుకు రాలేదు? ఇక్కడ కూడా మెకానిక్ బెంచీ మీది పనే నాకు అనుమానంగా తోచింది.

ఎయిర్ డిఫెన్స్ సోదరులు ఒక విషయం వేరుగా గుర్తుంచుకోవాలి. రాడార్ నుంచి వెలువడే తరంగం వేరు, రాడార్ పెట్టె లోపల హై వోల్టేజి మీద నడిచే వాల్వుల నుంచి వచ్చే ఎక్స్ రే వేరు. పెట్టె తలుపు తెరిచి, కవచం తీసి, నడుస్తుండగా సరిచేసేవాళ్ళకు ఆ ఎక్స్ రే తగులుతుంది. జర్మనీలో పాత రాడార్ మెకానిక్కులు ఏళ్ళ తరబడి పోరాడితే నిపుణుల కమిషన్ వేశారు. 2003 జూలైలో ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. తొలి దశాబ్దాల్లో రక్షణ సరిగా లేదనీ, తగిన అర్హత ఉన్న క్యాన్సర్ రోగుల క్లెయిములు గుర్తించాలనీ సిఫారసు చేసింది. పాత మీటర్ల మీద చీకట్లో మెరిసే రేడియం రంగు కూడా ఈ జాతిదే. రేడియం సగం తగ్గడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. రంగు మెరవడం మానేసినా రేడియం మానదు. అటువంటి పాత డయలు ఇంట్లో ఉంటే గీకవద్దు, విప్పవద్దు.

ఈ రెంటికీ తేడా ఎక్కడుందంటే, ఎక్స్ రేకు అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే బలం ఉంది. దానికి సుమారు 12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. మన రెండు మీటర్ల బ్యాండు, అంటే 145 మెగాహెర్ట్జ్ తరంగపు ఒక్క కణానికి అందులో రెండు కోట్ల వంతు కూడా ఉండదు. ఎన్ని కణాలు కలిసొచ్చినా వేడి పుట్టిస్తాయి గానీ, ఎక్స్ రే చేసే పని చెయ్యవు. అలాగని వేడి తక్కువది కాదు. జబల్‌పూర్‌లో ట్రెయినింగ్ రోజుల్లో ట్రాన్స్‌మిషన్ నడుస్తుండగా నేను ఏరియల్ మొదట్లో వేలు పెట్టాను. షాకు కొట్టలేదు, సూది గుచ్చినట్టయింది. చూస్తే తెల్లటి చుక్క. లోపలిదాకా కాలింది. మానడానికి నెల పట్టింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మనిషి శరీరమే ఒక ఏరియల్ అని కూడా తెలుసుకోవాలి. నేల తగలకుండా నిలబడ్డ పెద్దమనిషి శరీరం 70, 80 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాన్ని అందరికన్నా ఎక్కువగా పీలుస్తుంది. అందుకే అంతర్జాతీయ పరిమితులు ఆ బ్యాండ్ల చుట్టూ కఠినంగా ఉంటాయి. సాధారణ జనానికి చదరపు మీటరుకు 2 వాట్లు. మా పక్కింటాయన, "మీ ఏరియల్ వల్ల మా మనవరాలికి ఏమైనా అయితే?" అని అడిగితే కోపం తెచ్చుకోకుండా టేపు తీసుకుని డాబా ఎక్కాను. 50 వాట్లు, పది రెట్ల గెయిన్ ఉన్న యాగీ ఏరియల్ అనుకుంటే, దాని ముందు మూడు మీటర్ల దూరంలో 4.4 వాట్లు వస్తుంది, అంటే పరిమితి దాటింది. ఐదు మీటర్లలో 1.6. పది మీటర్లలో 0.4. ఆ పాప ఆడుకునే చోటు సరిగ్గా నాలుగు మీటర్లు! నేను సగం సేపు వింటూనే ఉంటాను గనక అసలు లెక్క ఇంకా తగ్గుతుంది. అయినా పైపు ఇంకో ఆరు మీటర్లు పైకి లేపాను. ఆయన కూడా పట్టుకున్నాడు.

ప్రభుత్వాలు కూడా నెమ్మదిగానే కదిలాయి. అమెరికాలో హామ్‌లు తమ స్టేషన్ లెక్క తామే చూసుకోవాలన్న నిబంధన 1998 జనవరి 1 నుంచి వచ్చింది. తక్కువ వాట్ల వాళ్ళకు ఇచ్చిన మినహాయింపును 2021లో తీసేశారు. మన దేశంలో మొబైల్ టవర్ల పరిమితిని 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకు తగ్గించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే వర్గంలో పెట్టింది. చైనా, జపాన్ తరహా ఊరగాయలు కూడా అదే వర్గంలో ఉన్నాయి. మన ఆవకాయ గురించి కాదు లెండి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్షలో మొబైల్ ఫోనుకు, మెదడు క్యాన్సర్‌కు సంబంధం కనిపించలేదు.

ఇంత చదివాక మళ్ళీ మా మిత్రుడి బెంచీ నా కళ్ళముందుకు వచ్చింది. ఆయన సెట్టు దగ్గర ట్రాన్స్‌మిట్ చేస్తూ కూచున్నది తక్కువ. సెట్టు విప్పి బాగుచేసిందే ఎక్కువ. చార్జింగ్ ఇంజను కార్బురేటర్, కాంటాక్టులు, రిలేలు, అన్నీ పెట్రోలు పోసిన ఎనామిల్ మగ్గులో ముంచి బ్రష్షుతో తోమేవాడు. చలికాలంలో టెంటు తలుపు మూసుకుని. చేతులు కూడా దాంతోనే కడుక్కునేవాడు. మేమందరం అదే చేశాం. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. బెంజీన్‌ను అదే సంస్థ మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో పెట్టింది. అది కలిగించేది ముఖ్యంగా ఏ జబ్బంటే, ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా. ఇప్పుడు మన పెట్రోలులో బెంజీన్ ఒక శాతం మించకూడదు. మేము మగ్గులో పోసుకున్న రోజుల్లో అంతకన్నా ఎక్కువే ఉండేది. అందరూ ఏరియల్‌ను చూసి భయపడ్డాం. మగ్గును చూసి ఎవరం భయపడలేదు.

గత సంవత్సరం సోంపేట వెళ్ళి చెల్లెలితో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అమ్మా, సెట్టు తరంగాల వల్లే అని నేను రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది, ఎదుటి డాక్టరు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. పెట్రోలు వల్లే అని కూడా ఒట్టేసి చెప్పలేను, ఒక మనిషికి ఆ జబ్బు దేనివల్ల వచ్చిందో రక్తం చూసి చెప్పడం కుదరదు. కానీ నేను కళ్ళారా చూసింది రాస్తాను" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన బట్టల్లో పెట్రోలు వాసన వచ్చేదన్నయ్యా. నాలుగు నీళ్ళల్లో ఉతికినా పోయేది కాదు" అంది.

అక్కడే కూచుని రాశాను. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ ట్రేడులో పనిచేశాడు, వారానికి ఎన్ని గంటలు బెంచీ మీద, ఏయే ద్రావకాలు వాడాడు, తొడుగులు, గాలి వచ్చే సదుపాయం ఉన్నాయా లేవా. నాలుగు పేజీలు వచ్చింది. అప్పటి మెకానిక్కులు ఇంకో ముగ్గురి చేత సంతకాలు పెట్టించాను. ఒకాయన కోసం నెల్లూరు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఒకసారి తిరస్కరించిన క్లెయిము మీద అప్పీలుతో జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు కార్డు వచ్చింది. ఈ వ్యాసం రాసేనాటికి జవాబు రాలేదు. ఆ రోజుల్లో వర్కుషాపులో పనిచేసిన సోదరులెవరైనా ఉంటే, మీకు గుర్తున్న వివరాలు తేదీలతో సహా ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి. నలభై ఏళ్ళ తర్వాత యూనిట్ రికార్డులో మగ్గు గురించి ఎవరూ రాసి ఉండరు.

బయల్దేరేటప్పుడు చెల్లెలు ఆయన మోర్స్ కీ నా చేతిలో పెట్టింది. కాంటాక్టులకు మసి పట్టి ఉంది. ఇంటికొచ్చి వరండాలో కూచుని, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాను. ఆదివారం పొద్దున దాంతోనే మన వాళ్ళను పిలుస్తున్నాను.